అతుకు మీద ఆకు

మార్చి 2

మామయ్యా,

క్షేమంగా చేరాను. హాస్టల్లో నాలుగో అంతస్తు ఇచ్చారు. గదికి ముగ్గురం, కిటికీ ఒకటి, అది నా మంచం వైపు లేదు. నర్సు శిక్షణలో మొదటి ఆరు నెలలూ నన్ను ఛాతీ వార్డులో వేశారు. వేరే వార్డు పడి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేదేమో.

ఆరో మంచం మీద ఒక తాత ఉన్నాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపాడట. ఊపిరి పరీక్షకి వెలిగించే అగ్గిపుల్ల ఆర్పడానికి మూడుసార్లు ఊదాలి. మూడోసారి ఊదాక దగ్గు వస్తుంది. ఆ దగ్గు నాకు తెలుసు. మన ఇంట్లో పొద్దున్నే గోడ అవతల నుంచి వినిపించేది అదే.

బస్సెక్కే ముందు నువ్విచ్చిన మాట గుర్తుందిగా. జేబులోంచి సగం అయిపోయిన పెట్టె తీసి నా చేతిలో పెట్టావు. అది నేను పారేయలేదు. ట్రంకు పెట్టె అడుగున ఉంది, అందులో ఏడు సిగరెట్లున్నాయి. నీ మీద నమ్మకం లేక దాచానని అనుకోకు. సరే, నిజమే రాస్తాను, నమ్మకం లేకే దాచాను. ఇదివరకు రెండుసార్లు మానావు, రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాకే మాకు తెలిసింది.

ఒప్పందం కాగితం మీద ఉంటే మంచిది. నువ్వు సిగరెట్ ముట్టవు. ఖాళీ కడుపుతో టీ తాగవు, ముందు ఒక గుడ్డూ ఒక పండూ తింటావు. బస్సులకి రంగులేసే మీ షెడ్డు గేటు దగ్గర నూనెలో వేయించినవి కొనవు. రోజూ అరగంట నడుస్తావు. బదులుగా నేను పొద్దున తిండి మానను, లిఫ్టు ఎక్కను. బడి మెట్టెక్కని నువ్వు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు రాసి రాసి అక్షరాలు నేర్చుకున్న నువ్వు, నన్ను ఇంతదాకా చదివించావు. ఆ చదువుతో నీకు మంచి చెప్పకపోతే అది ఎందుకు?

అమ్మకి ఈ ఉత్తరం చదివేటప్పుడు మధ్యలో ముక్కలు మింగకు.

నాలుగంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్న,
నీ మేనకోడలు


మార్చి 10

ఇన్‌స్పెక్టరమ్మకి,

అక్కకి చదివాను. ముక్క మింగలేదు. నమ్మకం లేదన్న చోట గొంతు కాస్త తగ్గించాను, అంతే. అక్క నవ్వి, మళ్ళీ చదవమంది.

పది రోజులైంది. ముట్టలేదు. కానీ చేయి వణుకుతోంది, నా అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. 'క' తలకట్టు ఎప్పుడైనా ఇలా పెట్టానా నేను? వేళ్ళ మధ్య ఏమీ లేకపోతే తోచడం లేదు. అందుకని క్యారెట్ ముక్కలు నిలువుగా కోసుకుని జేబులో వేసుకుంటున్నాను. షెడ్డులో వెల్డింగు వాళ్ళు నన్ను కుందేలు మేస్త్రి అని పిలుస్తున్నారు. పిలవనీ. గుడ్డు తింటున్నాను. నడవడం మాత్రం నా వల్ల కావడం లేదు. ఎక్కడికీ వెళ్ళే పని లేకుండా నడుస్తుంటే దారిలో కనిపించినవాళ్ళంతా ఏం పోయిందని అడుగుతున్నారు.

అసలు సంగతి గీత. బస్సు బండి పక్కన ఆ పొడుగు గీత ఒక్క ఊపిరిలో లాగాలని నీకు తెలుసు. మధ్యలో ఊపిరి వదిలితే భుజం కదులుతుంది, గీత తెగుతుంది, అక్కడ అతుకు పడుతుంది. అతుకు కనపడకుండా దాని మీద ఆకు బొమ్మ వేస్తాం. చూసేవాళ్ళు అలంకారం అనుకుంటారు. పాతికేళ్ళ వయసులో పది కిటికీల బండికి పది కిటికీలూ ఆకు లేకుండా లాగినవాణ్ణి. మొన్నటి బండికి రెండాకులు పడ్డాయి, నాలుగో కిటికీ దగ్గర ఒకటి, ఎనిమిదో దగ్గర ఇంకొకటి.

షెడ్డు యజమాని గీత స్టిక్కరు చుట్టలు తెప్పించి తన గదిలో పెట్టాడు. రెండాకుల బండ్లే వస్తుంటే గీత పని స్టిక్కరుకిచ్చి, నన్ను గరుకు కాగితంతో తుప్పు గీకే పనిలో వేస్తాడట. నాతో అనలేదు, నాకు వినపడేలా వేరేవాళ్ళతో అన్నాడు.

ఇంకోటి. నేనిచ్చినప్పుడు పెట్టెలో ఎనిమిదున్నాయి. ఏడంటున్నావు. ఆ ఒకటి ఏమైందో నువ్వు కూడా చెప్పాలి.

క్యారెట్ నములుతూ,
మామయ్య


మార్చి 18

మామయ్యా,

ఏడే. బస్సులో కూర్చోగానే లెక్కపెట్టాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం. పారేయమని ఇచ్చేవాడికి ఎన్ని ఉన్నాయో లెక్క ఎందుకు?

నీ ఉత్తరం విప్పగానే లవంగం వాసన వచ్చింది. కాగితానికి కూడా అంటిందంటే నోట్లో ఎంత నమిలావో. లవంగం ఎందుకు నములుతారో ఇక్కడ నాకు బాగా తెలుసు. సందర్శకుల వేళ అయ్యాక మా వార్డు మెట్ల కింద నుంచి వచ్చే రోగులందరి దగ్గరా అదే వాసన.

మొన్న షెడ్డుకి ఫోను చేస్తే నువ్వు నిచ్చెన మీద ఉన్నావన్నారు. ఆ ముందు వారం కూడా నిచ్చెన మీదే ఉన్నావు. నువ్వు ఎక్కడున్నా దగ్గు మాత్రం ఫోనులో వినిపిస్తుందని నాకు తెలుసు, నీకూ తెలుసు.

నిన్న మన ఊరి బస్సు మీసాల డ్రైవరు అమ్మ పంపిన దుప్పటి తెచ్చిచ్చాడు. దుప్పటితో పాటు ఒక మాట కూడా తెచ్చాడు. నువ్వు రోజూ తెల్లవారగానే బయటికి వెళ్ళి గంట తర్వాత వస్తున్నావట. ఎక్కడికని అమ్మ అడిగితే పని మీద అన్నావట. షెడ్డు తెరిచేది ఎనిమిదింటికి. నడవడం నీ వల్ల కావడం లేదని నువ్వే రాశావు. మరి ఆ గంట ఎక్కడ?

ఆరో మంచం తాత నేను రాసుకుంటుంటే ఎవరికని అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని, "నమ్మితే మానతాడనుకోకు, నమ్మకపోతే మానతాడనీ అనుకోకు" అన్నాడు. మరి ఏం చేస్తే మానతారని అడిగితే, అది తెలిస్తే నేనీ మంచం మీద ఎందుకుంటానన్నాడు.

ఆ గంట సంగతి రాయి. వివరంగా రాయి.

నీ కోడలు


మార్చి 27

కోడలా,

లవంగం సంగతి ముందు చెబుతాను. తాగాలనిపించినప్పుడల్లా ఒకటి కొరుకుతున్నాను. నాలుక మంట పుట్టి ఆ తలపు పోతుంది. తాగి నమిలేవాళ్ళున్నారు, తాగకుండా నమిలేవాళ్ళూ ఉంటారు. వాసన ఇద్దరిదీ ఒకటే, దానికి నేనేం చేయను?

ఆ గంట గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. షెడ్డు వెనక పొడుగు ప్రహరీ గోడ ఉంది కదా, ఆ గోడ దగ్గరికి వెళ్తున్నాను. డబ్బాలో రంగు బదులు నీళ్ళు పోసుకుని, పొడుగు కుంచె ముంచి, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళ గీత లాగుతున్నాను. లాగుతూ నడుస్తాను. మళ్ళీ మొదటికి వస్తాను. రోజుకి ఇరవై సార్లు. ఊరికే నడవమంటే కాళ్ళు రావు గానీ, చేతిలో కుంచె ఉంటే వాటంతట అవే వస్తాయి. ఎండ ఎక్కేసరికి గీతలన్నీ ఆరిపోతాయి. షెడ్డు తెరిచేసరికి గోడ మీద ఏమీ ఉండదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని అక్కకి కూడా చెప్పలేదు.

సాక్ష్యం ఆరిపోయే వ్యాయామం భలే కుదిరిందే అని నువ్వు అనబోతున్నావు. అనుకో.

ఇప్పుడు నా వంతు. మీసాలాయన దుప్పటి ఇచ్చి ఊరికే రాలేదు. నువ్వు పొద్దున ఎనిమిదిన్నరకి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి టీలో బన్ను ముంచుకుని తింటున్నావట, అదే ఆ రోజుకి మొదటి ముద్దనీ నువ్వే చెప్పావట. చేతి గాజు మోచేతి దాకా జారుతోందట. నాకు గుడ్డు చెప్పి నువ్వు బన్ను తింటావా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా? నీ అక్షరాలు కూడా చూశాను. మొదటి ఉత్తరంలో నిటారుగా ఉన్నాయి. ఇప్పుడు కుడివైపు ఒరిగిపోతున్నాయి, ఎవరైనా పట్టుకుంటే బాగుండునన్నట్టు. అక్షరాల సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు.

మంచి కబురు చివర్న. ఆకుపచ్చ బండి అయిపోయింది. ఏడో కిటికీ దాటేదాకా ఊపిరి అడగలేదు. ఆ తర్వాత ఒకటే ఆకు. యజమాని గీత పొడవునా నడిచి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ బండి వచ్చే నెల నుంచి మీ ఊరి దారిలో తిరుగుతుంది. వెళ్ళి చూసుకో.

ఒకటే ఆకు మేస్త్రి


ఏప్రిల్ 12

మామయ్యా,

చూసుకోమన్నావు కదా, చూసుకున్నాను.

డ్యూటీ అయ్యాక బస్టాండుకి వెళ్ళాను. ఆకుపచ్చ బండి నీడలో ఆగి ఉంది. తలుపు లేని వైపుకి వెళ్ళాను, గీత అటే కదా. డ్రైవరు సీటు వెనక నుంచి కిటికీలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడో కిటికీ దాటగానే ఆకు. తప్పు చూశానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. చిన్నప్పుడు నువ్వు నేర్పినట్టే ఆకు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నిమిరాను. కింద అతుకు గరుకుగా తగిలింది.

ఏడని రాశావు. అది మూడు.

అది కూడా ఏమంత పెద్ద తప్పు కాదు మామయ్యా. మూడైతే మూడని రాస్తే నేను సంతోషించేదాన్ని. కానీ ఆ ఆకు తర్వాత మిగిలిన ఏడు కిటికీలూ ఒక్క వణుకు లేకుండా సాగాయి. మూడు కిటికీలకే ఊపిరి అయిపోయినవాడు ఆ తర్వాత ఏడు ఎలా లాగాడు? మధ్యలో ఆగి ఒకటి ముట్టిస్తే చేయి కుదురుకుంటుందని ఎన్నిసార్లు అన్నావో నాకు గుర్తుంది. నిప్పు లేనిదే పొగ రాదు. నీ ఆకు దగ్గర నాకు పొగ కనిపించింది.

ఆ నీళ్ళ గీతల కథ చదివినప్పుడు నేను వార్డులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తాతకి కూడా చెప్పాను. ఇప్పుడు ఆయన రోజూ అడుగుతున్నాడు, మీ మామయ్య గోడ ఎంతవరకు వచ్చిందని. ఏం చెప్పను?

నేను తింటున్నాను. నా సంగతి వదిలెయ్.

నీ కోడలు


ఏప్రిల్ 20

అమ్మాయికి,

నేను రాసింది ఏడు. నువ్వు చూసింది మూడు. ఇద్దరిలో బడికెళ్ళింది నువ్వే కాబట్టి నీ లెక్కే సరైనదై ఉండాలి.

నీ ఉత్తరం అక్కకి చదవలేదు. బాగున్నానని రాసిందని చెప్పాను.

మామయ్య


ఏప్రిల్ 29

మామయ్యా,

నన్ను కోడలా అనలేదు. ఆ ఒక్క మాట కోసం నీ ఉత్తరం వెనక్కి తిప్పి కూడా చూశాను.

మూడు రోజులు కోపంగా ఉన్నాను, తప్పు నీదేనని. నాలుగో రోజు వార్డులో ఒక చిన్న పిల్ల గౌను మీద ఎర్రటి మందు ఒలికింది. వాళ్ళమ్మ తిడుతుంటే నా బడి గౌను గుర్తొచ్చింది. తెల్లది, కొత్తది, నడుం దగ్గర ఎర్ర మరక పడితే అమ్మ నన్ను కొట్టబోయింది, నువ్వు అడ్డం వచ్చావు. ఆ మరక ఎలా పడిందా అని ఆలోచించాను. సెలవు రోజుల్లో నీ రంగు డబ్బా పట్టుకుని నీ పక్కన నడిచేదాన్ని. నువ్వు కుంచె ఆనించే చోట నిలబడి డబ్బా పైకెత్తేదాన్ని. ఆ రోజు అక్కడ పచ్చి రంగున్న దీపం చట్రానికి ఆనుకున్నాను. ఎర్ర దీపం. తోక దీపం.

నువ్వు మొదలుపెట్టేది తోక దగ్గర.

బస్టాండుకి పరుగెత్తాను. ఆకుపచ్చ బండి లేదు, గంటన్నర ఆగాను. వచ్చాక తలుపు లేని వైపు నిలబడ్డాను. ఎడమ చేతికి తోక, కుడి చేతికి ముక్కు. గీత కూడా రాతలాగే ఎడమ నుంచి కుడికి కదా సాగుతుంది. తోక దీపం పక్కన, కుంచె మొదట ఆనించిన చోట, గుండ్రటి బొట్టు కూడా ఉంది. అక్కడి నుంచి లెక్కపెట్టాను. ఏడో కిటికీ దాటాక ఆకు.

ఏడు కిటికీలు ఒక ఊపిరి, మూడు కిటికీలు ఇంకో ఊపిరి. నేను తిరగేసి చదివాను. ప్రయాణికురాలిలా డ్రైవరు దగ్గర నుంచి లెక్కపెట్టాను. నీ డబ్బా మోసిన దాన్నై ఉండి అలా లెక్కపెట్టాను. బడికెళ్ళినవాళ్ళ లెక్కే సరైనదని రాశావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. గుచ్చుకోవాలి.

నన్ను తిట్టు. కానీ పెద్ద ఉత్తరం రాసి తిట్టు.

తప్పు నాదేనని ఒప్పుకుంటూ,
నీ కోడలు


మే 7

కోడలా,

తిట్టడానికి నాకు అర్హత లేదు. ఇది చదివాక నీకే తెలుస్తుంది.

నువ్వు పెట్టెలో ఏడన్నావు, నేను ఎనిమిదన్నాను. ఎనిమిదే. నీకిచ్చే ముందు ఒకటి తీసి, గీతకి గుర్తులు పెట్టుకునే నా సుద్ద డబ్బాలో దాచాను. తాగాలని కాదు. ఉందన్న ధైర్యం కోసం. ఈత నేర్చుకునేవాడు గట్టు కనిపించేలా ఈదుతాడే, అలా. నువ్వు ఏడని రాసేసరికి ఉలిక్కిపడి, తిరిగి నీ మీదే నెట్టాను. భుజాలు తడుముకున్నానని సరిగ్గానే పట్టుకున్నావు.

నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చేసరికి నలభై ఏడు రోజులైంది. మధ్యాహ్నం తిండివేళ పాత టైర్ల గుట్ట వెనక కూర్చుని చదివాను. రెండోసారి చదవలేదు. సుద్ద డబ్బా తెరిచి దాన్ని ముట్టించాను. తాగాను కోడలా. నింద పడ్డాక ఆ తప్పు చేయడంలో ఒక సుఖం ఉంటుంది. ఎలాగూ అన్నారు కదా అని. సగం అయ్యేసరికి ఆ సుఖం పోయి దగ్గు మిగిలింది. అయినా మొత్తం తాగాను. అది కూడా చెప్పాలి కదా.

నీ వల్ల తాగానని రాయడం లేదు. దాచినవాణ్ణి నేను. నువ్వు ఉత్తరం రాయడానికి నెలన్నర ముందే దాచాను.

తర్వాతి బండికి ఐదో కిటికీ దగ్గర ఒక ఆకు, తొమ్మిదో దగ్గర ఇంకొకటి. పసుపు బండి, మీ ఊరు రాదు. నేను రాయకపోతే నీకు తెలిసేదే కాదు. యజమాని స్టిక్కరు చుట్ట తెచ్చి నా రంగు డబ్బాల పక్కన పెట్టాడు. "ఇంకొక్క బండి చూస్తాను మేస్త్రీ. నువ్వంటే నాకు గౌరవమే గానీ, ఆకులు తోటలో ఉంటే బాగుంటాయి" అన్నాడు. ఆ బండి ఈ నెలాఖరుకి రంగుకి వస్తుంది.

గోడకి మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. తాగిన మర్నాడు కూడా వెళ్ళాను. ఆ రోజు గీత గోడలో సగమే సాగింది.

దీన్ని అక్కకి ఇంకా చదవలేదు.

మామయ్య


మే 15

మామయ్యా,

వార్డులో మందుల బల్ల దగ్గర నిలబడే చదివాను. చదివి హెడ్ సిస్టరుకి చూపించాను. నీ పరువు తీయడానికి కాదు, ఏం రాయాలో తెలియక. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "జారినవాడు కింది మెట్టు మీద పడతాడు, వీధిలో పడడు. నలభై ఏడు ఎక్కడికీ పోలేదని రాయి" అంది. అందుకే రాస్తున్నాను. ఎక్కడికీ పోలేదు.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. మార్చిలో నేను పొద్దున పూట తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆలస్యంగా లేచేదాన్ని, లిఫ్టెక్కి దిగేదాన్ని, గేటు దగ్గర బన్ను తినేదాన్ని. నీకు తింటున్నానని రాసిన రోజు కూడా బన్నే. పోయిన వారం మందుల ట్రే పట్టుకుని ఉండగా కళ్ళు తిరిగాయి. ఆరో మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అగ్గిపుల్ల ఆర్పలేని తాత అంత గట్టిగా సిస్టరుని పిలుస్తాడని ఎవరూ అనుకోలేదు. అప్పటి నుంచి సిస్టరు తన పక్కన కూర్చోబెట్టుకుని ఉడికించిన గుడ్డూ అరటిపండూ తినిపించాకే వార్డులోకి పంపుతోంది. నేను తినేదాకా చూస్తూ ఉంటుంది. ఒకరు అలా అనుమానంగా చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుందో ఇప్పుడు తెలిసింది. నువ్వు రెండు నెలలు అలాగే తిన్నావు.

తాత ఇంటికి వెళ్ళిపోయాడు, ఆక్సిజన్ సిలిండరుతో. వెళ్తూ, గోడ మేస్త్రిని అడిగానని చెప్పమన్నాడు.

ఇక నిన్ను లెక్కలు అడగను. నువ్వు రాస్తే చదువుతాను, రాయకపోతే ఊరుకుంటాను. అమ్మకి అంతా చదివెయ్. మన ఇద్దరికంటే ఆవిడే గట్టిది.

మెట్లెక్కుతున్న,
నీ కోడలు

తా.క. ఆ బండికి కిటికీలెన్ని? ఊరికే అడుగుతున్నాను.


జూన్ 3

కోడలా,

పది.

నీలం బండి. పొద్దున రెండు గుడ్లు తిని, గోడ దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా షెడ్డుకే వెళ్ళాను. సుద్ద పూసిన తాడు బిగించి కొట్టి గీతకి గుర్తు పెట్టుకున్నాను. వెల్డింగు వాళ్ళు మిషన్లు ఆపేశారు, నేను అడగలేదు. కుందేలు మేస్త్రి అని ఎవరూ అనలేదు, అంటే బాగుండుననిపించింది. తోక దీపం పక్కన కుంచె ఆనించాను. అవును, తోక దగ్గర.

నాలుగో కిటికీ దగ్గర పాత అలవాటు కొద్దీ ఊపిరి తలుపు తట్టింది. తీయలేదు. ఏడు దాటాక చెవుల్లో హోరు. ఎనిమిదో కిటికీ అద్దంలో నా మొహం కనిపించింది, ఎర్రగా, నీళ్ళలో మునిగినవాడిలా. తొమ్మిదీ దాటింది. ఈ రెండు నెలలూ నడిచింది మోకాళ్ళకే పనికొచ్చిందేమో, అవే నన్ను మోసుకెళ్ళాయి. పదో కిటికీ దాటి, ముక్కు వంపు దగ్గర కుంచె ఎత్తాక గానీ ఊపిరి వదల్లేదు. వదిలాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

యజమాని గీత పొడవునా రెండుసార్లు నడిచాడు. తర్వాత స్టిక్కరు చుట్ట తీసుకెళ్ళి అటక మీద పెట్టించాడు. నాకు వినపడేలా వేరేవాళ్ళతో, ఈ మేస్త్రి ఉన్నన్నాళ్ళూ దాన్ని దించొద్దన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మూడో రోజు బండి సొంతదారు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, ఆకు ఏదని అడిగాడు. లేదన్నాను. "మీ షెడ్డు బండి అంటే ఆకుండాలి కదా. ఆకు లేకపోతే ఇది నీ చేతి గీత అని నలుగురికీ ఎలా తెలుస్తుంది? నా పాత బండికి రెండేశావు, దీనికి ఒకటి కూడా వేయవా?" అని నిష్ఠూరమాడాడు. ఇరవై ఏళ్ళుగా ఎక్కడెక్కడ ఊపిరి చాలలేదో అక్కడల్లా వేసిన ఆకు కోసం ఇలా తగువు పెట్టుకునే మనిషి ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం చెబితే పాత బండ్ల గుట్టంతా బయటపడుతుంది. షెడ్డు యజమాని నావైపు చూసి తల ఊపాడు. వేశాను. ఐదో కిటికీ దగ్గర, కింద అతుకు లేని ఆకు.

ఆ బండి ఎనిమిదో తారీకు నుంచి మీ ఊరికి వస్తుంది. ఆకు చూసి నువ్వేమనుకుంటావోనని ముందే రాస్తున్నాను. వేలు పెట్టి నిమిరి చూసుకో. నునుపుగా ఉంటుంది.

నీ మామయ్య


జూన్ 12

మామయ్యా,

నీలం బండి వచ్చింది. అప్పుడే కడిగినట్టున్నారు, నీళ్ళు కారుతున్నాయి. తలుపు లేని వైపు నిలబడి, ఈసారి తోక నుంచి నడిచాను. ఐదో కిటికీ దగ్గర ఆకు ఉంది. నువ్వు ఇంతవరకు వేసిన ఆకులన్నిటికంటే అందంగా ఉంది. దాచాల్సింది ఏమీ లేనప్పుడు చేయి అంత తీరిగ్గా వేస్తుందేమో.

వేలు పెట్టి చూడలేదు.

లోపలికెక్కి ఆ ఐదో కిటికీ పక్కనే కూర్చుని, తెచ్చుకున్న అరటిపండు తిన్నాను. కండక్టరు టికెట్ అడిగితే ప్రయాణం లేదని చెప్పి దిగిపోయాను. వింతగా చూశాడు. హాస్టల్‌కి వచ్చి ట్రంకు పెట్టె అడుగున ఉన్న ఏడూ తీసి బకెట్ నీళ్ళలో వేశాను. నాలుగంతస్తులూ దిగి వెళ్ళి పారబోశాను. మెట్లెక్కి వచ్చాక గాజు చూసుకున్నాను, మణికట్టు దగ్గరే ఆగుతోంది.

నీ కోడలు


జూన్ 19

కోడలా,

వేలు పెట్టి చూడలేదంటే నేను నమ్మలేదు. మీసాలాయన ఆ సమయానికి పక్క బండి దగ్గరే ఉన్నాడట, అడిగాను. నువ్వు ఆకు ముందు చాలాసేపు నిలబడ్డావనీ, రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకున్నావనీ చెప్పాడు. అంత గట్టిగా పట్టుకోవాల్సి వచ్చిందంటే లోపల ఎంత అనుమానం ఉందో నాకు తెలుసు. అయినా పట్టుకున్నావు.

నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి అక్కకి చదివాను, నేను రాసినవి నోటితో చెప్పాను, ఒక్క ముక్క మింగకుండా. టైర్ల గుట్ట దగ్గర అక్క కళ్ళు తుడుచుకుంది, కుందేలు దగ్గర నవ్వింది. షెడ్డు నుంచి ఇంటికి తెచ్చిన సుద్ద డబ్బాలో ఇప్పుడు సుద్ద తప్ప ఏమీ లేదు, కావాలంటే తెరిచి చూడక్కా అన్నాను. చూడక్కర్లేదురా, నీ మాట చాలంది.

నేను పనికి వెళ్ళాక చూసినట్టుంది. సాయంత్రం అక్క చేతులకి సుద్ద అంటి ఉంది.

నీ మామయ్య